టర్బో ఊపిరి – పాలం లిబరేటర్ నుంచి నోయిడా కారు దాకా

మన సంఘం సంచికలో ప్రతి ఏడూ యుద్ధాల మీద, రెజిమెంట్ల మీద, వీరుల మీద మంచి మంచి వ్యాసాలు వస్తున్నాయి. ఈసారి నేను ఒక శబ్దం చరిత్ర రాద్దామనుకున్నాను. శబ్దానికి చరిత్ర ఏమిటండీ అంటారేమో. ఢిల్లీ, నోయిడా, గుర్గావ్ రోడ్ల మీద రాత్రి తొమ్మిది దాటాక కాసేపు నిలబడండి. ఏదో ఒక కారు జుమ్మని దూసుకొచ్చి, డ్రైవరు యాక్సిలరేటర్ మీంచి కాలు తియ్యగానే "ప్‌ష్" మని పాము బుస కొట్టినట్టు ఒక చప్పుడు వదులుతుంది. కుర్రకారు దాన్ని బ్లో-ఆఫ్ వాల్వు సౌండు అంటారు. వేలకి వేలు పోసి బిగించుకుంటారు. ఆ బుస వెనక నూటికి పైగా ఏళ్ళ కథ ఉంది. అందులో మన వైమానిక దళానికీ, రైల్వేకీ, టాంకు దళాలకీ వాటా ఉంది. నేను వైమానిక దళంలో ఇంజిన్ ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు తెలిసినంత మేరకు చెబుతాను.

ముందు టర్బో అంటే ఏమిటో రెండు ముక్కల్లో. ఇంజిన్ కి పెట్రోలు ఎక్కువ పొయ్యడం సులువు, గాలి ఎక్కువ పట్టించడమే కష్టం. ఇంజిన్ వదిలేసే పొగలో ఇంకా బోలెడు శక్తి ఉంటుంది. ఆ పొగతో ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీద రెండో చివర ఇంకో చక్రం పెట్టి, దానితో గాలిని నొక్కి ఇంజిన్ లోకి పంపితే అదే టర్బోఛార్జర్. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి దీనికి 1905లో పేటెంటు తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో ఆగస్ట్ రాటో విమాన ఇంజిన్ల మీద ప్రయత్నించాడు. ఆ తర్వాత అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన శాన్‌ఫర్డ్ మాస్ 1918లో ఒక లిబర్టీ విమాన ఇంజిన్ ని ట్రక్కు మీద పెట్టి, 14,000 అడుగుల పైచిలుకు ఎత్తున్న పైక్స్ పీక్ కొండ మీదికి తీసుకెళ్ళాడు. కింద సుమారు 350 హార్స్ పవర్ ఇచ్చే ఇంజిన్ అక్కడ 230 దగ్గర చతికిలబడింది. టర్బో తగిలించాక మళ్ళీ 350 దాటింది. లేహ్ లో, సియాచిన్ బేస్ లో పనిచేసిన మనవాళ్ళకి ఈ లెక్క విడమర్చి చెప్పనక్కర్లేదు. సుమారు 18,000 అడుగుల ఎత్తులో గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సగమే. మనిషికి ఆయాసం వచ్చినట్టే ఇంజిన్ కీ వస్తుంది. ఆ ఆయాసానికి మందుగానే టర్బో విమానాల్లోకి వచ్చింది.

పాలంలో ఉన్న సాక్ష్యం

ఢిల్లీలో ఉన్న మనకి ఈ చరిత్ర కళ్ళారా చూపించే వస్తువు పాలం ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో భద్రపరిచిన బి-24 లిబరేటర్ బాంబరు. హెచ్ఈ 924 అన్న నంబరుది. దీని కథ వింటే మనవాళ్ళ పనితనానికి చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక బ్రిటిష్ వాళ్ళు తమ దగ్గరున్న అమెరికన్ లిబరేటర్లని కాన్పూరులో పోగేసి, ఇంకెవరూ ఎగరెయ్యకుండా పాడుచేసి వెళ్ళిపోయారు. స్వతంత్రం వచ్చాక మనకి బరువు బాంబర్లు లేవు, కొనడానికి డబ్బూ లేదు. అప్పుడు హెచ్.ఏ.ఎల్. వాళ్ళు బెంగుళూరు నుంచి వచ్చి, ఒకదాని భాగాలు ఇంకొకదానికి వేసి, ఎగరగలిగేంత వరకు అతికి, బెంగుళూరు తీసుకెళ్ళి పూర్తిగా బాగుచేశారు. ఆ అతుకుల విమానాల్ని నడిపి తీసుకెళ్ళింది హెచ్.ఏ.ఎల్. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ. అలా నలభై దాకా లేచి నిలబడ్డాయి. 1948 నవంబరులో కాన్పూరులో 5వ స్క్వాడ్రన్ ఈ విమానాలతోనే ఏర్పడింది. తర్వాత 6వ స్క్వాడ్రన్ వీటిని సముద్రం మీద నిఘాకి వాడింది. 1968 దాకా ఇవి పనిచేశాయి. 1974లో ఒకదాన్ని బ్రిటన్ లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంకి మనమే కానుకగా ఇచ్చాం. పాడుచేసి పారేసినవాళ్ళకే బాగుచేసి ఇచ్చామన్నమాట!

లిబరేటర్ కి నాలుగు ఇంజిన్లు, ఒక్కొక్కటి 1,200 హార్స్ పవర్. ప్రతి ఇంజిన్ వెనక, నాసెల్ అడుగున ఒక టర్బో. అదే కాలంలో మన దళంలో ఉన్న స్పిట్‌ఫైర్, టెంపెస్ట్ విమానాల్లో గాలిని నొక్కే యంత్రం ఉన్నా, దాన్ని ఇంజినే పళ్ళ చక్రాలతో తిప్పేది, పొగ కాదు. దాన్ని సూపర్‌ఛార్జర్ అంటారు. లిబరేటర్ లో పొగతో తిరిగే టర్బో కూడా ఉండేది. దాని వేగం హద్దు మీరకుండా కొంత పొగని పక్కదారి పట్టించే తలుపుని వేస్ట్ గేట్ అంటారు. చాలామంది వేస్ట్ గేట్ నీ బ్లో-ఆఫ్ వాల్వునీ ఒకటే అనుకుంటారు. వేస్ట్ గేట్ పొగ వైపు ఉంటుంది, బ్లో-ఆఫ్ వాల్వు మంచి గాలి వైపు ఉంటుంది. ఈ తేడా గుర్తుంచుకుంటే తక్కిన కథంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఎదురు తిరిగే గాలి

గాలిని నొక్కే చక్రానికి ఒక బలహీనత ఉంది. ముందుకి తోసిన గాలికి దారి ఉన్నంత సేపే అది బుద్ధిగా పనిచేస్తుంది. ముందు దారి మూసుకుపోతే నొక్కిన గాలి వెనక్కి తిరిగి చక్రం మీదే పడుతుంది. మళ్ళీ ముందుకి, మళ్ళీ వెనక్కి. దీన్నే సర్జ్ అంటారు. జెట్ ఇంజిన్లు చూసినవాళ్ళకి ఇది పాత శత్రువు. బ్రిటన్ లో 1954లో దళంలోకి వచ్చిన మొదటి హంటర్లు పైఎత్తున తుపాకులు పేల్చినప్పుడు వాటి ఏవాన్ ఇంజిన్లు సర్జ్ అయ్యి ఆరిపోయేవి. తర్వాత రకాల్లో దాన్ని సరిదిద్దారు. మనకి 1957 నుంచి వచ్చిన హంటర్లు ఆ తర్వాతి రకం ఇంజిన్లతో వచ్చినవే. జెట్ ఇంజిన్లలో తక్కువ వేగంలో ఎక్కువైన గాలిని బయటికి వదిలే బ్లీడ్ వాల్వులు ఉంటాయి. మిగ్-21 ముక్కు పక్కల చిన్న తలుపులు చూసే ఉంటారు, అవి యాంటీ-సర్జ్ తలుపులు. 2025 సెప్టెంబరులో చండీగఢ్ లో మిగ్-21 కి వీడ్కోలు చెప్పినప్పుడు ఫోటోల్లో నా కళ్ళు ముందు ఆ తలుపుల కోసమే వెతికాయి. దాని ఇంజిన్లు తయారైంది ఒరిస్సాలోని కోరాపుట్ హెచ్.ఏ.ఎల్.లో. అక్కడ మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్ళు చాలామంది పనిచేశారని మీకు తెలుసు.

కారు సంగతీ అంతే. డ్రైవరు కాలు తియ్యగానే థ్రాటిల్ మూసుకుంటుంది. చిన్న కారు టర్బో నిమిషానికి లక్షన్నర చుట్లు కూడా తిరుగుతుంది, అంత వేగం క్షణంలో ఆగదు. నొక్కిన గాలికి దారి లేక చక్రం మీదకి ఎదురు తిరుగుతుంది. ఆ గాలిని పక్కకి వదలడానికే వాల్వు. అది గాలిని మళ్ళీ టర్బో ముందుకే పంపితే డైవర్టర్, చప్పుడు పెద్దగా ఉండదు. బయటికి వదిలేస్తే బ్లో-ఆఫ్. మనం వినే బుస అదే.

డీజిళ్ళకి బుస ఎందుకు లేదు?

మన తరం టర్బోని మొదట విన్నది కారులో కాదు, రైల్లో. 1962లో అమెరికా నుంచి వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారైన డబ్ల్యుడిఎమ్-2 డీజిల్ ఇంజిన్ కి 16 సిలిండర్లు, 2,600 హార్స్ పవర్, టర్బో ఉంది. కాజీపేట, గుత్తి షెడ్ల ఇంజిన్లు బండి కదిలించేటప్పుడు ముందు నల్లటి పొగ కక్కి, ఆ తర్వాత సన్నటి ఈల అందుకునేవి. ఆ పొగ ఎందుకంటే డీజిలు ముందే వచ్చి పడింది, టర్బో ఇంకా వేగం అందుకోలేదు కాబట్టి గాలి చాలలేదు. సెలవు మీద ఇంటికెళ్ళే సిపాయికి ఆ ఈల ఎంత తియ్యగా వినపడేదో!

టాంకుల్లోనూ ఇదే వరస. విజయంత ఇంజిన్ కి బ్లోయర్ ఉండేది. టి-72 కి ఇంజినే తిప్పే సూపర్‌ఛార్జర్. టి-90 కి 1,000 హార్స్ పవర్ టర్బో ఇంజిన్, అర్జున్ కి 1,400 హార్స్ పవర్ టర్బో ఇంజిన్. సికింద్రాబాద్ తిరుమలగిరి ఈ.ఎమ్.ఈ. కాలేజీలో చదివినవాళ్ళు వీటి గురించి నాకంటే బాగా చెప్పగలరు. ఈ డీజిళ్ళ వేటికీ బుస కొట్టే వాల్వు లేదు. కారణం చిన్నదే. డీజిల్ ఇంజిన్ లో వేగం తగ్గించాలంటే డీజిలు తగ్గిస్తారు, గాలి దారి మూయరు. దారి తెరిచే ఉంటే గాలి ఎదురు తిరగదు. డీజిల్ బండికి బ్లో-ఆఫ్ వాల్వు పెడతామని కరోల్ బాగ్ లోనో కశ్మీరీ గేట్ లోనో ఎవరైనా అంటే, అది చప్పుడు కోసం పెట్టే బొమ్మే అనుకోండి.

పెట్రోలు కార్లలో టర్బో

అమెరికాలో 1962లోనే ఓల్డ్స్‌మొబైల్, షెవ్రొలే కంపెనీలు టర్బో పెట్రోలు కార్లు అమ్మాయి, అవి ఎక్కువ కాలం నిలవలేదు. 1970లలో బి.ఎమ్.డబ్ల్యు., పోర్షా, సాబ్ కార్లతో మళ్ళీ వచ్చింది. 1977లో రెనో కంపెనీ టర్బోతో ఫార్ములా వన్ పందెంలోకి దిగింది, 1979లో ఫ్రాన్సు పందెం గెలిచింది. 1989 నుంచి ఆ పోటీల్లో టర్బోని నిషేధించి, 2014లో మళ్ళీ తెచ్చారు. మన గ్రేటర్ నోయిడాలో ఆ పందేలు జరిగింది 2011, 2012, 2013లలో. అంటే మన ఊళ్ళో తిరిగినవన్నీ టర్బో లేని వి-8 ఇంజిన్లే. ఏడాది తేడాలో ఆ ఈల మనకి తప్పిపోయింది.

మన దేశంలో టర్బో మొదట డీజిల్ కార్లలో వచ్చింది. 1998 టాటా సఫారి, 2002 మహీంద్రా స్కార్పియో అందరికీ గుర్తే. పెట్రోలులో 2004 స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్. కుర్రవాళ్ళ కలల బండి. 2006 బడ్జెట్లో 4 మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించని కార్లకి ఎక్సైజు పన్ను తగ్గించారు. చిన్న ఇంజిన్ నుంచి పెద్ద బలం రాబట్టాలంటే టర్బోయే దారి. 2013లో పోలో జి.టి., ఎకోస్పోర్ట్, 2017లో నెక్సాన్ అలా వచ్చినవే. పైగా ఢిల్లీలో 2015 డిసెంబరులో 2000 సీసీ, ఆ పైన డీజిల్ కార్ల రిజిస్ట్రేషన్ ని సుప్రీం కోర్టు కొన్ని నెలలు ఆపింది. జనం చూపు పెట్రోలు వైపు మళ్ళింది. దానితోపాటే బుస వాల్వుల వ్యాపారమూ పెరిగింది.

మేనల్లుడి కారు

ఇక అసలు విషయానికొస్తాను. మా చెల్లెలి కొడుకు నోయిడాలో ఉద్యోగం. సెకండ్ హ్యాండులో ఒక టర్బో పెట్రోలు సెడాన్ కొని, ఒక షాపులో బ్లో-ఆఫ్ వాల్వు పెట్టించాడు. రెండు నెలల్లోనే చప్పుడు మారింది. షాపువాళ్ళు రెండుసార్లు డబ్బు తీసుకుని, స్క్రూ తిప్పి పంపించేశారు. అంతటితో పోతే నేనూ పట్టించుకునేవాణ్ణి కాదు. ఒకరోజు ఎక్స్‌ప్రెస్ వే మీంచి దిగేటప్పుడు కాలు తియ్యగానే ఇంజిన్ ఆగిపోయింది. స్టీరింగు బిగుసుకుంది, వెనక నుంచి ట్రక్కు హారన్. వెనక సీట్లో మా చెల్లెలు ఉంది. ఆ రాత్రే ఫోను చేసింది.

"అన్నయ్యా, వాడి బండి నేనింక ఎక్కను. వాడు మాత్రం రోజూ అందులోనే వెళ్తున్నాడు. నువ్వొచ్చి ఏదో ఒకటి చెయ్యి."

ఆదివారం పొద్దున్నే వెళ్ళాను. ఇక్కడొక సంగతి చెప్పాలి. టార్మాక్ మీద అన్నేళ్ళు పనిచెయ్యడం వల్ల సన్నటి శబ్దాలు నాకిప్పుడు వినపడవు. మనలో చాలామందికి ఇదే తంతు. అందుకని వాణ్ణే చెవులు చేసుకున్నాను. "ఏ చప్పుడు, ఎప్పుడు వస్తోందో చెప్పరా, ఎందుకొస్తోందో నేను చెబుతా" అన్నాను. ఒక అరగంట నడిపించి కాయితం మీద రాయించాను. మూడు తేలాయి. యాక్సిలరేటర్ తొక్కుతున్నప్పుడు సన్నగా "సుయ్య్". తక్కువ వేగంలో కాలు తీస్తే పావురం రెక్కలు కొట్టుకున్నట్టు "తుతుతుతు". ఎక్కువ వేగంలో తీస్తే గట్టిగా "ప్‌ష్", ఆ వెంటనే ఇంజిన్ తడబాటు, ఒక్కోసారి నల్ల పొగ, ఆగిపోవడం.

నేను హేంగర్లో నేర్చుకున్న నియమం ఒకటే. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చాక మళ్ళీ వినాలి. మూడూ ఒకేసారి తిప్పితే ఏది నయం చేసిందో తెలియదు.

మొదట "సుయ్య్". ఇది గాలి కారడం. కారడం ఉండగా తక్కినవేవీ నమ్మడానికి లేదు, అందుకే ముందు ఇది. ఇంజిన్ ఆపి, చల్లారాక, టర్బో ముందు గొట్టం మూసి, రెగ్యులేటరు పెట్టి అర బార్ లోపే గాలి పట్టించాం. సబ్బు నీళ్ళు రాశాం. కొత్త వాల్వు కోసం గొట్టం కోసి అడాప్టర్ పెట్టిన చోట, క్లాంపు దగ్గర బుడగలు లేచాయి. క్లాంపు మార్చాం. "సుయ్య్" పోయింది, బండి లాగుడు కూడా మెరుగైంది.

రెండోది "తుతుతుతు". ఇదే సర్జ్. వాల్వు తెరుచుకోవాల్సినప్పుడు తెరుచుకోవడం లేదు. వాల్వు పైన ఒక స్ప్రింగు దాన్ని మూసి ఉంచుతుంది. కాలు తియ్యగానే ఇన్‌టేక్ మానిఫోల్డ్ లో వ్యాక్యూమ్ పుట్టి, సన్నటి గొట్టం ద్వారా వాల్వుని పైకి లాగుతుంది. చూడాల్సినవి రెండే: లాగుడు చేరుతోందా, స్ప్రింగు మరీ గట్టిగా ఉందా. చేతి వ్యాక్యూమ్ పంపు తగిలిస్తే వాల్వు కదిలింది, సూది కూడా దిగకుండా నిలబడింది. అంటే లోపల డయాఫ్రం చిరగలేదు. తప్పు గొట్టానిది. షాపువాళ్ళు డ్యాష్‌బోర్డు మీది బూస్ట్ మీటరుకి వెళ్ళే పొడుగాటి సన్న గొట్టంలోంచే దీనికీ పాయ తీశారు. పొట్టి గొట్టం ఒకటి, థ్రాటిల్ తర్వాత నుంచి దీనికోసమే విడిగా వేశాం. చప్పుడు సగం తగ్గింది. అప్పుడు చివరిదాకా బిగించి ఉన్న స్ప్రింగు స్క్రూని పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ వచ్చాం. రెక్కల చప్పుడు ఆగిన చోట ఆపేశాం. మరీ వదులు చేస్తే బండి నిలబడి ఉన్నప్పుడే వాల్వు తెరుచుకుని బయటి గాలి, దుమ్ము లోపలికి పీలుస్తుంది. అదింకో రోగం.

మూడోది, అసలు ప్రమాదం. కారడం పోయింది, రెక్కల చప్పుడు పోయింది, బుస శుభ్రంగా వస్తోంది. అయినా సిగ్నల్ దగ్గర బండి ఆగిపోతూనే ఉంది. దీని కారణం వాల్వులో లేదు, లెక్కలో ఉంది. ఈ కారులో టర్బోకి ముందే ఒక సెన్సార్ లోపలికొచ్చే గాలిని కొలుస్తుంది. కంప్యూటరు ఆ లెక్క ప్రకారమే పెట్రోలు పోస్తుంది. కొలిచిన గాలిని మనం బయటికి ఊదేస్తే, లేని గాలికి పెట్రోలు పడుతుంది. నల్ల పొగ, తడబాటు, ఆగిపోవడం అందుకే. మానిఫోల్డ్ లో పీడనం కొలిచి లెక్క వేసే కార్లలో ఈ బాధ తక్కువ. ఈ కారు ఆ రకం కాదు. కంపెనీ ఇచ్చిన పాత డైవర్టర్ వాల్వు డిక్కీలోనే ఉంది. అది బిగించి ఇరవైసార్లు పరుగెత్తించి కాలు తీసి చూశాం. ఒక్కసారి కూడా ఆగలేదు. బుస కూడా లేదు.

"మామయ్యా, అంతా బాగుంది. కానీ సౌండే లేకపోతే టర్బో అని ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు.

"ఇంజిన్ కష్టపడి నొక్కుకున్న గాలిరా అది. నువ్వు నలుగురికి వినిపించడానికి బయట పారబోస్తున్నావు. ఆ సౌండు కావాలో, మీ అమ్మ వెనక సీట్లో కూర్చోవడం కావాలో నువ్వే చూసుకో" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత కొత్త వాల్వుని గుడ్డలో చుట్టి డిక్కీలో పెట్టేశాడు. పారెయ్యలేదు, నేనూ పారెయ్యమనలేదు.

చట్టం మాట కూడా చెప్పాను. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు చెప్పింది. అదే ఏడాది సవరించిన మోటారు వాహనాల చట్టంలో, అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి యజమానికి 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల దాకా జైలు గాని, రెండూ గాని పెట్టారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్న చోట రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. మన డిఫెన్స్ కాలనీల్లో ఆ హద్దు ఎంతమంది పాటిస్తున్నారో మీరే చెప్పాలి.

ఈ చరిత్రలో నాకు కనిపించేది ఒకటే. పైక్స్ పీక్ మీద మాస్, కాన్పూరులో హెచ్.ఏ.ఎల్. మెకానిక్కులు, గుత్తి షెడ్లో ఫిట్టర్లు, అందరూ యంత్రం చెప్పేది ఓపికగా విన్నవాళ్ళు. మీటర్లు తర్వాత వచ్చాయి, చెవి ముందు. ఇప్పటి బండ్లకి కంప్యూటరు తగిలిస్తే తప్పు ఏదో నంబరు చెబుతుంది గానీ, వదులైన క్లాంపుకీ తప్పు పాయ తీసిన గొట్టానికీ నంబర్లు ఉండవు. మన చెవులు మందగిస్తున్నాయి గనక, ఏ శబ్దానికి ఏ అర్థమో తెలిసినవాళ్ళు తమ ఇంట్లో పిల్లల్ని ఒక ఆదివారం బానెట్ దగ్గర నిలబెట్టి నేర్పమని నా మనవి. మా మేనల్లుడు ఇప్పుడు ఆఫీసులో వాళ్ళ కార్ల చప్పుళ్ళు ఫోన్లో రికార్డు చేసి నాకు పంపిస్తున్నాడు. నాకు సగం వినపడవు. వాడే నోటితో చేసి చూపిస్తున్నాడు.

జై హింద్.